ధర్మవరంలో పడిన గోలు

నేను పుట్టేనాటికే మా నాయన గోలు కొట్టి తొమ్మిదేళ్లయింది. అయినా అది నిన్న సాయంత్రం జరిగిన సంగతిలాగే మా ఇంట్లో నడిచేది. వేరే ఇళ్లలో చందమామను చూపించి పిల్లలకు అన్నం తినిపిస్తారు. నాకు మా చింతపండు మండీ గోడకు వేలాడే టీమ్ ఫోటోను చూపించి తినిపించేవాళ్లు. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, ఏప్రిల్ నెల, ధర్మవరం. హిందూపురం పెన్నా యూత్ ఫుట్‌బాల్ క్లబ్ మొదటిసారి జిల్లా కప్పు గెలిచింది. ఆఖరిసారి కూడా అదే. మ్యాచ్ మొత్తానికి పడింది ఒకే గోలు, అదీ చివరి నిమిషంలో. కొట్టినవాడి పేరు జయరామయ్య అని పత్రికలో పడింది. మా చింతపండు బజారులో జయరామయ్యలు ముగ్గురున్నారు గానీ, గోలు జయరామయ్య అంటే మా నాయనే. మా అమ్మ భాగ్యలక్ష్మి మాత్రం కోపం వచ్చినప్పుడు గోల జయరామయ్య అనేది.

ఇది రెండు వేల ఇరవై మూడు వేసవి సంగతి. క్లబ్బుకు అరవై ఏళ్లు నిండాయి. నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను, సెలవులు మొదలయ్యాయి. ఒకరోజు శామ్యూల్ సార్ కబురు పెట్టారు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు, ముప్పై ఏళ్లు క్లబ్బు మేనేజరు కూడా ఆయనే. వెళ్తే మూడు ట్రంకుపెట్టెలు తెరిచి చూపించారు. ఎంట్రీ ఫారాలు, రైలు టికెట్లు, ఉత్తరాలు, పత్రికల ముక్కలు. అడుగున చెదలు.

"ఇవి పోతే క్లబ్బు ఉండేదని చెప్పేకి ఏమీ మిగలదు తల్లీ. ఆ ఇంటర్నెట్లో పెట్టేదేదో పెట్టు," అన్నారు.

అట్లా సైటు మొదలైంది. నేను, సారు, ధర్మవరంలో ఫోటో స్టూడియో నడిపే సురేష్. సురేష్‌ది ఆ ఫైనల్లో ఓడిపోయిన ఊరే అయినా, ఆనాటి మ్యాచ్‌లకు ఫోటోలు తీసింది వాళ్ల నాయన. నెగెటివ్‌లు బీరువాలో భద్రంగా ఉన్నాయి. ముగ్గురికీ దీనివల్ల వచ్చేదేమీ లేదు. రోజుకు నలభై మంది చూస్తే ఆ రోజు పండగ.

సారు మొదటి రోజే ఒక రూలు పెట్టారు. ఇద్దరు చెప్పనిదే ఏ మ్యాచ్ సంగతీ సైటెక్కదు. ఆ ఇద్దరిలో ఒకరు మనవాళ్లయితే ఇంకొకరు అవతలి ఊరివాళ్లై ఉండాలి. చెప్పినవాళ్ల పేర్లు పేజీ కింద రాయాలి. నాకు మొదట విసుగొచ్చింది, ఇదేమన్నా కోర్టా అనిపించింది. తర్వాత ఆ రూలే నాకు రుచించింది. అగళిలో పదకొండు గోల్స్ వేశామని మావాళ్లు చెప్పుకునే మ్యాచ్, అగళి మనిషిని అడిగితే మూడుకు దిగింది. బుక్కపట్నం గ్రౌండులో నీళ్లొచ్చి ఆట ఆగిపోయిందని బుక్కపట్నంవాళ్లు అంటే, ఓడిపోతామని ఆపేశారని మావాళ్లు అన్నారు. రెండూ రాశాను. ఎవరినీ ఊరికే నమ్మకూడదని నెలరోజుల్లో బాగా నేర్చుకున్నాను.

డెబ్బై తొమ్మిది ఫైనల్‌కు మాత్రం ఆ రూలు నాకు గుర్తుకు రాలేదు. ఊరంతటికీ తెలిసినదానికి సాక్ష్యం ఎందుకు? మండీకి పోయి నాయన ఎదురుగా ఫోను పెట్టి కూర్చున్నాను. ఆయన చింతపండు కుప్పల మధ్య, చాప మీద కూర్చుని గింజలు ఏరుతూ చెప్పాడు.

"కుడిపక్కనుంచి బంతి వచ్చె. ఛాతీమీద ఆపినా. ముందర ఇద్దురు అడ్డమొచ్చిరి."

"పోయిన సంవత్సరం ఒకరే వచ్చారు నాయనా," అన్నాను.

"ఇద్దురే. రెండోవోణ్ని నీకు చెప్పలేదంతే."

నవ్వుకుంటూనే రాసుకున్నాను. సురేష్ పాత నెగెటివ్ నుంచి ఫోటో తీసి పంపాడు. మండీ గోడమీద ఉన్న మసక బొమ్మ కాదు, ముఖాలు స్పష్టంగా కనబడే ఫోటో. ఎంట్రీ ఫారం ముందు పెట్టుకుని పేర్లన్నీ వరుసగా కింద రాశాను. కింది వరుసలో ఎడమనుంచి మూడో మనిషి జయరామయ్య. ముఖం చూడకుండా రాశానని ఎవరైనా అంటే ఒప్పుకోను, చూశాను. చిన్నప్పటినుంచి అది నాయనే అని చూసిన కళ్లకు అది నాయనలాగే కనబడింది.

పేజీ పెట్టిన నాలుగో రోజు, మే మొదటి వారంలో, సైటుకు ఒక మెసేజి వచ్చింది. "నమస్తే. నా పేరు యామిని, మాది పెనుకొండ. మీ ఫోటోలో కింది వరుసలో మూడో మనిషి మా నాయన కుళ్లాయప్ప. మీరు జయరామయ్య అని రాసినారు. ఆ గోలు కూడా మా నాయనదే. దయచేసి సరిచేయండి."

కోపం వచ్చింది. పేరున్న చోట ప్రతివాళ్లూ వాటాకొస్తారనుకున్నాను. కానీ చేతులు ఊరుకోక ఫోటోను పెద్దది చేసి చూశాను. చొక్కా చేతులు ఆ మనిషికి మోచేతులు దాటి వేలాడుతున్నాయి. మా నాయన ఆరడుగుల మనిషి. ఆ చొక్కా గురించి చిన్నప్పుడు ఎప్పుడో అడిగితే "అప్పుడు నేను బక్కగా ఉంటి" అన్నాడు. బక్కగా ఉంటే చొక్కా వదులవుతుంది గానీ చేతులు పొట్టివి కావు కదా.

వంటింట్లోకి పోయి అమ్మకు చూపించాను. అమ్మ అద్దాలు పెట్టుకుని చూసి, మళ్లీ పోపు వైపు తిరిగింది.

"మ్యాచ్ ఏ నెలలో అంటివి?"

"ఏప్రిల్."

"ఏప్రిల్లో నిన్ను కంటే, మీ నాయన ముఖం చూపించింది పదహైదు దినాలకు. పండు సీజన్లో మీ తాత ఆయప్పను మండీ గడప దాటనిస్తాడా? బంతాటకు పంపిస్తాడా?"

"అంటే నీకు తెలుసా అమ్మా?"

"నాకేం తెలుసు? ఆ గోలు విని మా నాయన నన్నిచ్చినాడు. నేనెందుకు అడగల్ల?" అని మూత పెట్టేసింది.

చింతపండు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, ఏప్రిల్ అన్న ఒక్క మాట దగ్గర నేను ఆగలేకపోయాను. ఊళ్లన్నిటి సాక్ష్యాలూ తూకం వేసిన దాన్ని ఇంట్లో లెక్క తప్పాను. నాకు నామీదే సిగ్గేసింది.

మరునాడు పొద్దున సారు దగ్గరికి పోయి మెసేజి చదివి వినిపించాను. ఆయన అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నిజమే తల్లీ," అన్నారు. "ఆ పొద్దు స్టేషన్‌కు పదిమందే వచ్చిరి. జయరామయ్య రాడని మనిషి వచ్చి చెప్పె. వాళ్ల నాయన సరుకు బండ్ల కాడ కూర్చోబెట్టినాడంట. రిజర్వుల్లో ఒకనికి జ్వరం, ఒకని కాలు వాచిండె. పదిమందితోనే రైలెక్కినాం. పెనుకొండలో బండి ఆగె. ప్లాట్‌ఫారం మీద కుళ్లాయప్ప మూటలు మోస్తాండె. ఆ పిల్లోడు ఆడేది నేను రెండు తూర్లు చూసింటి. వస్తావా అంటే మూట దించి ఎక్కె. ఇంట్లో కూడా చెప్పలే."

"మరి పేరు?"

"బయటి ఊరోళ్లు ఆడితే కప్పు లాక్కుంటారు. అప్పట్లో రూలది. లిస్టులో ఉండే పేరే చెప్పాల. జయరామయ్య చొక్కా వేసినాం, జయరామయ్య అని పిలిచినాం. ఎవరైనా కంప్లైంటు ఇచ్చేకి నెల గడువు ఉండె. నెల గడిచినాక నిజం చెప్దామనుకుంటిమి. పత్రికలో పేరు చూసి వారంలోపలే మీ నాయన్ని బజారంతా ఊరేగించిరి. దండలేసిరి. ఇంక ఎట్ల చెప్పేది?"

నేను ఆ మెసేజి మళ్లీ ఒకసారి చదివాను. సారే మళ్లీ అందుకున్నారు.

"నేను ఆ ఇద్దరి రూలు ఎందుకు పెట్టినాననుకుంటివి? ఈ మ్యాచ్ కాడికి వచ్చినప్పుడు రెండో సాక్షి ఎవరు సార్ అని నువ్వు అడుగుతావని చూస్తాంటి. నువ్వు అడగలే. నాకు నోరు రాలే."

ఆయన మీద కోపం రావాల్సింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి తలొంచుకుని కూర్చుంటే జాలే వచ్చింది. సాక్షిగా నా పేరు రాసుకో, నేను చెప్తాను అన్నారు. పేజీ మార్చాలంటే ముందు ఇంకో మనిషి ఒప్పుకోవాలి. అది మా నాయనేనని ఇద్దరికీ తెలుసు. పైగా మే ఇరవై ఎనిమిది ఆదివారం క్లబ్బు అరవై ఏళ్ల సభ. గోలు కొట్టిన జయరామయ్యకు శాలువా కప్పుతారని కరపత్రం అప్పటికే బజారులో పంచారు.

రెండు వారాలు నానబెట్టాను. యామినికి "పరిశీలిస్తున్నాం" అని ఒక ముక్క రాశాను. ఆఫీసులవాళ్లు అట్లా రాస్తే తిట్టుకునేదాన్ని, నేనే రాశాను. ఆమె మళ్లీ ఏమీ అడగలేదు, అది ఇంకా బాధగా ఉండింది. అబద్ధాన్ని సైటులో ఉంచడానికి మనసొప్పలేదు, తీసేయడానికి ధైర్యం చాల్లేదు. చివరికి ఫోటో మాత్రం తీసేశాను. నాయన రోజూ మండీకొచ్చిన ప్రతివాడికీ ఫోనులో ఆ పేజీ తెరిచి చూపిస్తాడు కాబట్టి, ఆయనే అడుగుతాడని నాకు తెలుసు. గురువారం సాయంత్రం పిలిచాడు.

"ఉషా, ఫోటో యాడ పాయె?"

ఆయన ఎప్పటిలాగే గింజలు ఏరుతున్నాడు. కూలివాళ్లు వెళ్లిపోయారు. నేను ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

"పెనుకొండ నుంచి ఒకామె రాసింది నాయనా. యామిని అని. అందులో ఉండేది వాళ్ల నాయనంట. కుళ్లాయప్ప."

ఆయన చెయ్యి పండులోనే ఉండిపోయింది.

"బతికే ఉండాడా?" అన్నాడు.

అంతకుమించి నేనేమీ అడగాల్సిన పని లేకపోయింది. ఆయనే చెప్పుకొచ్చాడు, నా వైపు చూడకుండా.

"నేను ధర్మవరం చూసిందే పెండ్లి చీరలు కొనేకి పోయినప్పుడు. ఊరేగించిన పొద్దు ఊరికే ఉండిపోతి. గోలు ఎట్ల కొట్టినావని అడిగిరి, ఏదో ఒకటి చెప్తి. ఇంకొకడు అడిగె, ఇంకొంచెం చెప్తి. చెప్పి చెప్పి నా కాళ్లకు కూడా ఆ గోలు గుర్తు ఉండాది అనిపించేది." గింజ ఒకటి తీసి పక్కన పెట్టాడు. "అరవై ఐదొచ్చినాయి. ఈ బజారులో నన్ను ఇంకేమని పిలుస్తారు ఉషా?"

నాకు ఏడుపొచ్చింది. ఊరిలో సగం మంది పైసా అప్పు కూడా రాల్చని గట్టిమనిషి అనుకునే మా నాయన, పేరు పోతే ఎట్లా అని నన్నడిగాడు, కూతుర్ని.

"నువ్వు వద్దంటే నేనేమీ రాయను నాయనా," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అన్నాక నా నోటిమీద నాకే అసహ్యమేసింది.

ఆయన లేచి మండీకి తాళం వేశాడు. తెల్లారి లేచి చూస్తే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వసారాలో నిలబడి ఉన్నాడు.

"పెనుకొండకు బస్సు ఎన్నింటికి?"

"సీజను కదా, మండీ?"

"ఒక పొద్దు మూసుంటే మునిగేదేం లేదులే," అన్నాడు. నా ముప్పై ఐదేళ్లలో ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను.

యామిని ఇల్లు బస్టాండుకు దగ్గరే. ముందు గదిలో కుట్టుమిషన్, గోడపొడవునా తగిలించిన జాకెట్లు. సైటు నడిపేది నేనేనంటే కూర్చోమంది గానీ, పక్కనున్నది జయరామయ్య అని తెలిశాక ముఖం బిగుసుకుంది.

"మేం ఏమీ ఆశపడి రాయలేదు మేడం. మా నాయన మాకెవురికీ చెప్పలేదు. అమ్మ పొయ్యేముందర చెప్పింది. మీ సైట్లో ఫోటో చూసినాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అంతే," అంది.

లోపలినుంచి కుళ్లాయప్ప వచ్చాడు. సన్నటి మనిషి, ఒక మోకాలు వంగడం లేదు, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మా నాయన లేచి నిలబడ్డాడు. ఎవరూ ఎవర్నీ పరిచయం చేయలేదు. కుళ్లాయప్పే ముందు మాట్లాడాడు.

"కూర్చోప్పా. ఈ పిల్లకు రాయొద్దని చెప్పినా, వినలే. ఇప్పుడు నా పేరు బయటికొస్తే కప్పు వాపస్ అడగరా?"

నలభై నాలుగేళ్లు ఆ మనిషి నోరు మూసుకుంది మా ఊరి కప్పు కోసం. ఆ కప్పు క్లబ్బు గదిలో, అగరబత్తి డబ్బాల వెనక, దుమ్ము పట్టి ఉంది.

"ఆ టోర్నమెంటు పెట్టిన సంఘమే లేదిప్పుడు. ఎవరూ అడగరు," అన్నాను.

"నిజంగా?"

"నిజంగా."

ఆయన భుజాలు కొంచెం దిగాయి. మా నాయన వైపు తిరిగాడు. "నేను నిన్ను చూసినాలేప్పా. హిందూపురానికి లారీమీద వచ్చేవాణ్ని, లోడు దించేకి. నీ మండీ ముందర నిలబడి రెండు తూర్లు విన్నా, నువ్వు చెప్తాంటే. నాకు తెలీని సంగతులు కూడా చెప్తాంటివి. బాగుండె."

మా నాయన ముఖం చూడలేక నేను నేలచూపు చూశాను. ఎదురుగా నిలబడి తిట్టినా ఆయన తట్టుకునేవాడేమో.

"అప్పుడే చొక్కా పట్టుకొని అడగల్ల నువ్వు," అన్నాడు నాయన.

"ఎందుకప్పా? జనం సంతోషంగా వింటాండిరి."

యామిని నీళ్లు తెచ్చింది. నాయన చెంబు చేతిలోనే పట్టుకుని, తాగకుండా, ఆదివారం సభ సంగతి చెప్పాడు. శాలువా నీదే, నువ్వు రావాలి, నేనే అందరి ముందర చెప్తానన్నాడు. సభలో మాట్లాడే పని తనవల్ల కాదన్నాడు కుళ్లాయప్ప. నువ్వు మాట్లాడొద్దు, నేను మాట్లాడతా, నాకది అలవాటే కదా అన్నాడు నాయన. యామిని మొదటిసారి నవ్వింది, నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆమె మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాక నాయన కుర్చీని ముందుకు జరుపుకున్నాడు.

"ఒక మాట అడుగుతా. ఆ గోలు ఎట్ల కొట్టినావు? నేను చూల్లేదు."

నేను ఫోను తీసి మధ్యలో పెట్టాను. ఆ రోజు రికార్డు చేసిందే ఇప్పుడు సైటులో ఆ మ్యాచ్ పేజీలో ఉంది. ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు, కుట్టుమిషన్ చప్పుడుతో సహా.

"ఏముండాదప్పా," అన్నాడు కుళ్లాయప్ప. "నీ చొక్కా నాకు మోకాళ్ల దాకా ఉండె. పరిగెత్తేకి కాకుండె. నిక్కర్లోకి దోపుకుంటి. ఆఖర్లో మనకు కార్నర్ వచ్చె. తలకాయతో కొడదామని ఎగిరినా. బంతి తలకు తగల్లే, ఈ భుజానికి తగిలె. గోల్‌కీపరు అవతలకు పడె. బంతి దుంకలే, ఎగరలే. ముసిలోడు ఇంట్లోకి పోయినట్ల మెల్లగా లోపలికి పాయె."

"అడ్డం ఎవురూ రాలేదా?"

"ఒక్కడూ రాలే."

నాయన తల ఊపాడు. తను కథలో అడ్డం నిలబెట్టిన ఇద్దరు మనుషులనీ ఆ తల ఊపుతోనే గ్రౌండు నుంచి పంపించేశాడు.

"మల్ల?"

"మల్లేముండాది. అందురూ నామీద పడిరి. ఎత్తుకొనిరి. జయరామా, జయరామా అని ఒకటే అరుపు. ధర్మవరమోళ్లు వింటాండారు కదా, అట్లే పిలవాల. నాకు తెలుసు. అయినా ఎవడో ఒకడు చెవి కాడన్నా నా పేరు అంటాడేమోనని చూస్తి." నవ్వాడు. "ఎవురూ అనలే. అదొక్కటే రవ్వంత మనసులో ఉండిపాయె. వేరే ఏం లేదు."

గదిలో మిషన్ ఆగింది. మా నాయన చేతిలోని చెంబును కింద పెట్టాడు. 

"నేను ఆ పొద్దు ఆడ ఉండింటే నీ పేరు పెట్టి పిలిచేవాణ్ని కుళ్లాయప్పా."

"నువ్వు ఆడ ఉండింటే," అన్నాడు కుళ్లాయప్ప, "నేను యాడుంటానప్పా?"